రెఫర్డ్ బై: మోకాలు

వైద్యవృత్తిలో నీతి నియమాలు కరువయ్యాయని అనేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగిపోయారు. ఈ అపవాదును నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. నియమాలు ఉన్నాయి. 2002లోనే భారత వైద్య మండలి అచ్చు వేయించింది. నేను చదివాను కూడా. నా చేత చదివించిన పుణ్యం మా మామయ్య మోకాలిది.

నెల్లూరులో ఎవరికి ఏ నొప్పి వచ్చినా పినాకిని రైలెక్కించి చెన్నైకి పంపేస్తారు. మేముండేది అయనావరంలో కాబట్టి ఆ నొప్పి ముందు మా ఇంటికి వస్తుంది, తరవాతే ఆసుపత్రికి. ఇన్నేళ్ళలో రెండు గుండెలు, మూడు కిడ్నీలు, లెక్కలేనన్ని వెన్నుపూసలు మా హాల్లో చాప మీద పడుకుని వెళ్ళాయి. మొన్న దసరా ముందు మామయ్య వంతు వచ్చింది. సెంట్రల్లో దిగి ఆటో ఎక్కాక, ఎదురుగా జనరల్ ఆసుపత్రి ముందున్న విగ్రహం చూపించాను. రంగాచారి గారని వెనకటి తరం పెద్ద సర్జన్, విమానం కొనుక్కుని మరీ దూరాన ఉన్న రోగుల దగ్గరికి వెళ్ళేవారు అని చెప్పాను.

"అయితే విజిటింగ్ ఫీజు ఎంతుండేదంటావు అబ్బయ్యా?" అన్నాడు మామయ్య.

ముందు మా వీధి చివరి డాక్టరు గారికి చూపించాను. డెబ్బై దాటిన మనిషి. ఫీజు 200 అని గోడ మీదే రాసి ఉంటుంది. మామయ్యను నాలుగడుగులు నడిపించాడు, మోకాలు వంచి చూశాడు, పావుగంట మాట్లాడాడు. టెస్టులేమీ అక్కర్లేదు, ఎనిమిది కిలోలు తగ్గండి, ఈ వ్యాయామం చేయండి, నెల తరవాత కనిపించండి అన్నాడు. కాగితం మీద ఒకే ఒక్క మందు. అదీ జెనరిక్ పేరుతో, అంటే కంపెనీ పెట్టిన పేరు కాకుండా మందు అసలు పేరుతో, పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో.

మామయ్య మొహం మాడిపోయింది. "175 కిలోమీటర్లు వచ్చింది లావయ్యానని చెప్పించుకోడానికా? ఒక్క ఎక్స్‌రే అన్నా రాయలేదే. ఈయన అసలు చదువుకున్నాడా?"

ఆ బాధ న్యాయమైనదే. ఊరెళ్ళాక నలుగురూ పలకరించడానికి వస్తారు. చూపించడానికి ఒక ఫైలు ఉండాలి గదా, ప్లాస్టిక్ కవర్లోంచి తీసి వెలుతురుకేసి పట్టడానికి ఒక ఫిల్ము ఉండాలి గదా. రోగి పరువు గురించి ఆలోచించని ఇలాంటి వైద్యుల వల్లే వృత్తికి చెడ్డపేరు వస్తోంది.

మర్నాడు మామయ్య తనంతట తానే ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో 4,800 రూపాయల ఫుల్ బాడీ ప్యాకేజీకి సిద్ధపడ్డాడు. ఏసీ, అద్దాల తొట్టిలో ఎర్ర చేపలు. కౌంటర్లో అమ్మాయి "ఎవరు పంపినారు సార్?" అని అడిగింది.

"మోకాలు పంపింది తల్లీ."

కంప్యూటర్ ఒప్పుకోలేదు. వయసు గడి ఖాళీగా వదిలేసినా ఊరుకుంది గానీ, 'రెఫర్డ్ బై' గడి నిండకపోతే బిల్లు రానంది. చివరికి ఆ అమ్మాయి ముందే అచ్చయి ఉన్న 'డా.' పక్కన 'సెల్ఫ్' అని కొట్టింది. డాక్టరు ఫోన్ నంబరు గడి కూడా ఉంటే నా నంబరు ఇచ్చాను.

నాకో ధర్మసందేహం వచ్చింది. మేనేజరు దగ్గరికి వెళ్ళి, పంపిన డాక్టరుకు బిల్లులో కొంత వెళ్తుందని లోకం అనుకుంటోంది, మమ్మల్ని ఎవరూ పంపలేదు కాబట్టి ఆ కొంత మాకు తగ్గించండి అన్నాను. ఆయన చాలా నొచ్చుకున్నాడు. "అలాంటివి మా దగ్గర లేవు సార్. ఉన్నా, పేషెంటుకి ఇవ్వడం ఎథిక్స్ కాదు."

ఆ రాత్రే నియమావళి తెరిచాను. పేషెంటును పంపినందుకు కమీషన్ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు, అడగకూడదు అని 6.4 నిబంధనలో ఉంది. ల్యాబ్ పరీక్షలకూ అదే వర్తిస్తుంది. ఫీజు కనబడేలా పెట్టాలి. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. 2009లో మందుల కంపెనీల కానుకలూ విహారయాత్రలూ వద్దన్నారు. 2016లో జెనరిక్ పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయమన్నారు. ఆ 'వీలైతే' చేర్చిన మహానుభావుడెవరో గానీ ఆయనకు నా నమస్కారం.

కంపెనీలు డాక్టర్లకిచ్చే కానుకల్ని వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవడం కుదరదని 2022లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ ఖర్చు చివరికి మందుల ధరలోకే చేరుతుందని కూడా అంది. ఇది విని మామయ్య ఎంత పొంగిపోయాడో చెప్పలేను. "అంటే ఇన్నేళ్ళూ డాక్టర్లకు కానుకలు పెట్టింది నేనేనన్న మాట!"

2023 ఆగస్టు 2న కొత్త నియమాలు పుట్టాయి. జెనరిక్ రాయకపోతే చర్య తప్పదని, కంపెనీల డబ్బుతో నడిచే సదస్సులకు వెళ్ళొద్దని పుడుతూనే గట్టిగా ఏడ్చాయి. డాక్టర్ల సంఘాలు ఉలిక్కిపడ్డాయి. ఆగస్టు 23న వాటిని నిలిపివేశారు. సరిగ్గా ఇరవై ఒక్క రోజులకు. మనవాళ్ళు బారసాల చేసి బిడ్డను ఉయ్యాల్లో వేసే రోజు. వేశారు, జోకొట్టారు. 2002 నాటి పెద్దన్నయ్యే మళ్ళీ ఇంటి బాధ్యత తీసుకున్నాడు.

మామయ్య రిపోర్టు పద్నాలుగు పేజీలు వచ్చింది. అన్నీ నార్మల్. ఆఖరి పేజీలో, బరువు తగ్గించుకోవలెను అని ఉంది. "చూశావా, మిషను ఎంత కరెక్టుగా పట్టిందో!" అంటూ ఫైలు గుండెలకు హత్తుకుని పినాకిని ఎక్కాడు.

దీపావళికి మూడు రోజుల ముందు నాకు ఫోను వచ్చింది.

"డాక్టర్ సెల్ఫ్ గారా? ఈ ఏడాది మాకు మీ దగ్గర నుంచే ఎక్కువ కేసులు వచ్చినాయి సార్. మా సెంటర్ తరఫున స్వీట్ బాక్సు పంపాలి. క్లినిక్ అడ్రసు చెప్తారా?"

లైన్లో ఉండమని నియమావళి మళ్ళీ తిరగేశాను. కమీషన్ల 6.4 గానీ, కానుకల 6.8 గానీ రిజిస్టరైన వైద్యులకే వర్తిస్తాయి. నాకు ఏ మండలిలోనూ రిజిస్ట్రేషన్ లేదు. మనసు తేలికపడింది. ఇంటి అడ్రసు చెప్పి, నెయ్యి మైసూర్‌పాక్ అయితే ఇంకా మంచిదన్నాను.