ఆదివారం క్లాసులో కథకు చోటేది?

మన పిల్లలు వారమంతా వెళ్ళే అమెరికా బళ్ళలో కిండర్‌గార్టెన్ నుంచే సొంతంగా రాయిస్తారు. ఇరవై ఆరు అక్షరాలు కుదురుకోకముందే, చెవికి ఎలా వినబడితే అలా స్పెల్లింగు కట్టేసి, నిన్న పార్కులో జారుడుబల్ల మీంచి ఎలా పడ్డారో మూడు వాక్యాలు రాసి పక్కన బొమ్మ వేస్తారు. టీచరు ఎర్ర పెన్ను తీయదు, "తర్వాత ఏమైంది?" అని అడుగుతుంది. డొనాల్డ్ గ్రేవ్స్ అనే విద్యా పరిశోధకుడు, ఆయన తోటివాళ్ళు 1970ల చివర్లో న్యూ హాంప్‌షైర్‌లో ఒక చిన్న బడిలో పిల్లల పక్కన కూర్చుని, వాళ్ళు రాసే తీరు గమనించి చెప్పిన పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. ఇప్పుడు చాలాచోట్ల మామూలైపోయింది.

అదే పిల్లవాడు ఆదివారం మన తెలుగు క్లాసుకు వస్తాడు. గుణింతం, చూచిరాత, ఉక్తలేఖనం, వేమన పద్యం ఒప్పజెప్పడం, మళ్ళీ గుణింతం. ఐదో ఏట ఇంగ్లీషులో తన కథ తాను రాసుకున్నవాడు పన్నెండో ఏట కూడా తెలుగులో ఎవరో రాసినదే దించుతుంటాడు. ఆ తర్వాత క్లాసు మానేస్తే మనం సాకర్ మీదా రోబోటిక్స్ మీదా నెపం వేస్తాం.

డాలస్ శివార్లలో ఒక తెలుగు బడిలో పాఠాలు చెబుతున్నదాన్ని కాబట్టి ఈ మాట బయటివాళ్ళ మీద వేసే రాయి కాదు. గుణింతాలు వద్దని కూడా అనను. ఒత్తులన్నీ వచ్చాక రాయిద్దాం అని ఆగడమే వద్దంటున్నాను. వారానికి రెండు గంటల క్లాసులో ఒత్తులన్నీ వచ్చే రోజు రాదు. వంట నేర్పుతామని పిలిచి ఏళ్ళతరబడి కూరగాయలు తరిగించి పంపేస్తే ఆ పిల్ల ఏం వండుతుంది, ఎందుకు వండుతుంది?

మొన్న శీతాకాలంలో "మీ ఇంట్లో అందరికంటే వింతైన మనిషి" గురించి రాయమన్నాను. తొమ్మిదేళ్ళ పాప ఒకతె రాసింది ఇది. అక్షర దోషాలు మాత్రం దిద్ది ఇస్తున్నాను: "మా అమ్మమ్మ ఫోనులో ఉంటుంది. సగం మొహం కనిపిస్తుంది. ఫ్యాను ఎక్కువ కనిపిస్తుంది. తిన్నావా అంటుంది. తిన్నాను అంటాను. మళ్ళీ తిన్నావా అంటుంది. నేను తినలేదు అని ఒకసారి చెప్పాను. అప్పుడు మొహం మొత్తం వచ్చింది."

ఇందులో ఒక్క పర్వదినం లేదు, ఒక్క తేనెలొలుకు తెలుగూ లేదు. పాపకు తెలిసిన మాటలు బహుశా నాలుగైదు వందలుంటాయి. వాటితోనే వేల మైళ్ళ దూరాన్ని కాగితం మీద పెట్టింది. ఆ "ఫ్యాను" రాయడానికి ఫ, దాని కింద య ఒత్తు తనే వచ్చి అడిగింది. నేను అంతకుముందు బోర్డు మీద య ఒత్తు ఎన్నోసార్లు రాయించాను, అప్పుడు ఎవ్వరికీ దానితో పని పడలేదు.

మన సంఘాల సంచికల్లో పిల్లల పేజీలు చూడండి. "మాతృభాష మాధుర్యం", "సంక్రాంతి శోభ", "దేశభాషలందు తెలుగు లెస్స". ప్రాస తప్పదు, సమాసం తప్పదు. పదేళ్ళ కుర్రాడు "అజంతమైన నా తల్లి నుడి" అని రాశాడంటే ఆ వాక్యం వంటింట్లో అమ్మ రాసిందనీ, నాన్న టైపు చేశాడనీ మనందరికీ తెలుసు. తెలిసీ బహుమతి ఇస్తాం. ఈమధ్య ఆ శ్రమ కూడా లేకుండా చాట్‌జీపీటీ రాసిపెడుతోంది. చూడబోతే అమ్మానాన్నల కంటే అదే కాస్త తక్కువ సమాసాలు వాడుతోంది.

ఇంకో చిత్రం ఏమిటంటే ఈ మాతృభాష గొప్పల ఉపన్యాసాలు ఎక్కువగా వినబడేది ఆగస్టు 29న, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టినరోజున. ఆయన పేరు మీద పండుగ చేసుకుంటూ, ఇంట్లో ఎవ్వరూ మాట్లాడని తెలుగును పిల్లలచేత బట్టీ పట్టిస్తాం. వాడుక భాష గొడవ మొదట్లో కవుల గొడవ కాదు, బడిపిల్లల వ్యాసరచన గొడవ. స్కూలు ఫైనల్లో వ్యాసాన్ని కావ్యభాషలోనైనా ఆధునిక భాషలోనైనా రాయవచ్చని 1912-13లో బోర్డు ఒప్పుకుంది. పండితులు భాష చెడిపోతుందని గగ్గోలు పెట్టారు, ఆ వెసులుబాటు కాస్తా పోయింది. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రమూ ఈ రచన పాఠం గురించే. పిల్లవాడు తన నోటికి వచ్చే భాషలో రాయాలా, పండితుడు మెచ్చే భాషలో రాయాలా అన్నదే తగువు. గిడుగు స్వయంగా పర్లాకిమిడిలో బడి పంతులు. సవర గిరిజనుల పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, సొంత డబ్బుతో బళ్ళు పెట్టిన మనిషి. నూరేళ్ళు దాటాక టెక్సస్‌లోనూ న్యూజెర్సీలోనూ మనం ఆ తగువును పండితుల వైపు నిలబడి మళ్ళీ గెలుస్తున్నాం.

మా క్లాసులో ఒకడు "నాయిన పోయిండు" అంటాడు, పక్కవాడు "నాన్న వెళ్ళాడు" అంటాడు, వెనక బెంచీ అమ్మాయి శ్రీకాకుళం నానమ్మ దగ్గర నేర్చిన యాసలో మాట్లాడుతుంది. పాఠ్యపుస్తకం ఒక్కదాన్నే ఒప్పుకుంటుంది. కథ రాసేటప్పుడు నేను ఏదీ దిద్దను. ఆ పిల్లలకు తెలుగంటే ఇంట్లో వినబడేది. దాన్నీ తప్పంటే వాళ్ళ దగ్గర ఇంకేం మిగలదు.

అక్కడ మన ఊళ్ళలో మాత్రం బాగా జరుగుతోందా అని అడుగుతారు. రెండు రాష్ట్రాల తెలుగు వాచకాల్లోనూ ఇప్పుడు ప్రతి పాఠం చివర "వ్యక్తీకరణ – సృజనాత్మకత" అని ఒక భాగం ఉంటుంది. పాఠాన్ని సంభాషణగా రాయండి, ఈ పాత్ర తరఫున లేఖ రాయండి, కథ పొడిగించండి అని. ఆలోచన మంచిదే. కానీ బజార్లో దొరికే గైడులో ఆ ప్రశ్నలకూ జవాబులుంటాయి. సృజనాత్మకతకు గైడు రాసిన ఘనత మనదే. మార్కులు పెట్టగానే దేనికైనా ఆ గతే పడుతుంది కాబట్టి, మార్కుల్లేని మన ఆదివారం క్లాసుకు ఆ రకంగా వాళ్ళకు లేని సుఖం ఉంది. దాన్ని మనమే వాడుకోవడం లేదు.

ఎలా రాయించాలి అన్నదానికి పద్ధతులు అమెరికా పుస్తకాల్లోనే వెతకనక్కర్లేదు. అవధానం చూసినవాళ్ళకు దత్తపది తెలుసు. పృచ్ఛకుడు సంబంధం లేని నాలుగు మాటలిస్తాడు, ఒక్కోసారి ఇంగ్లీషు మాటలే ఇస్తాడు, అవధాని వాటిని ఇమిడ్చి పద్యం చెప్పాలి. ఛందస్సు తీసేస్తే అది పదేళ్ళ పిల్లలకు అచ్చంగా సరిపోయే ఆట. ఒకసారి "ఆవకాయ, స్కూలు బస్సు, మంచు, తాళంచెవి" ఇచ్చాను. బస్సు మంచులో ఇరుక్కుంది, డ్రైవరుకు ఆకలేసింది, ఆవకాయ ఉన్న ఇంటి తాళంచెవి ఒక్క కుర్రాడి దగ్గరే ఉంది, వాడికి డ్రైవరంటే పడదు. అంతవరకూ నోటితోనే కట్టేశారు. రాయమనగానే ఎప్పుడూ గునిసే పిల్లాడు కూడా పెన్సిలు తీశాడు.

సమస్యాపూరణమూ అంతే. పొంతన లేని ఆఖరి వాక్యం మనం ఇవ్వాలి: "అందుకే మా నాన్న పైజామాలో పెళ్ళికి వెళ్ళాడు." అక్కడికి చేరే కథ వాళ్ళు రాయాలి. ముగింపు చేతిలో ఉంటే "ఏం రాయాలో తెలియట్లేదు" అనే మాట వినబడదు. పెద్ద పిల్లలకు నిషిద్ధాక్షరిని కొంచెం మార్చి పెడతాను. అక్షరం బదులు మాట నిషిద్ధం. "చాలా", "బాగుంది", "హ్యాపీ" ఈ మూడూ వాడకూడదు. ఇండియా ట్రిప్ గురించి ఈ మూడు మాటలు లేకుండా రాయమంటే మొదట తెల్లమొహం వేస్తారు. కాసేపటికి దోమతెర వస్తుంది, పక్కింటి కోడి వస్తుంది, కరెంటు పోయినప్పుడు తాతయ్య తిట్టిన తిట్టు వస్తుంది. (తిట్టు అచ్చు వేయడం మీద మా బడిలో పెద్ద చర్చే జరిగింది. వేశాం.)

చందమామ చదివినవాళ్ళకు ఫోటో వ్యాఖ్యల పోటీ గుర్తుండే ఉంటుంది. రెండు ఫోటోలు, రెంటికీ జతకుదిరే రెండు వ్యాఖ్యలు, పోస్టుకార్డు మీద రాసి పంపాలి. దేశమంతా ఎన్నో ఏళ్ళు ఆడిన రచన పాఠం అది, పాఠమని ఎవరికీ అనిపించలేదు. ఇప్పుడు పిల్లలు ఫోన్లో తీసిన ఫోటోలే చాలు. నాలుగు మాటలకు మించి రాయనక్కర్లేదు కాబట్టి అప్పుడే అక్షరాలు నేర్చినవాళ్ళూ ఆడతారు.

కెనెత్ కోక్ అనే కవి 1960ల చివర్లో న్యూయార్క్‌లో పీ.ఎస్. 61 అనే మామూలు ప్రభుత్వ బడిలో పిల్లలచేత కవిత్వం రాయించాడు. ప్రాస వద్దన్నాడు, స్పెల్లింగు పట్టించుకోవద్దన్నాడు. ప్రతి పంక్తిలోనూ ఒక కోరిక ఉండాలి, లేదా "ఒకప్పుడు నేను ఇలా, ఇప్పుడు ఇలా" అని ఉండాలి, అంతే. ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలు ఆ మాటలు కలిపి రాయడానికీ ఒక పాఠం పెట్టాడు. మనకు పనికొచ్చేది ఇందులో ఇంకోటుంది. "ఒకప్పుడు నేను చీకటికి భయపడేవాణ్ణి, ఇప్పుడు లెక్కల టీచరుకు భయపడుతున్నాను" అని ఒకడు రాశాడంటే, ఏ వ్యాకరణ పట్టికా నేర్పలేని "భయపడేవాణ్ణి" వాడి నోటికి వచ్చేసినట్టే. "నాకు రెక్కలుంటే" అని మొదలుపెట్టిస్తే చేదర్థకం, అంటే "ఉంటే, వస్తే" లాంటి రూపం, దానంతట అదే వస్తుంది. ఇక్కడ పుట్టిన పిల్లలు తడబడేది సరిగ్గా ఈ క్రియల దగ్గరే.

తప్పుల మాటేమిటి? "అమ్మ వచ్చాడు" అని రాస్తారు, "స్నానం తీసుకున్నాను" అంటారు, ల, ళ తేడా ఉండదు. దిద్దాలి, అన్నీ ఒకేసారి కాదు. ఒక రచనకు ఒక్క రకం తప్పు. ఈ వారం ళ అయితే మిగతావి కనబడనట్టే ఉంటాను. నాకు కష్టమే, చెయ్యి దురద పెడుతుంది. "అమ్మ వచ్చాడు" లాంటివి మాత్రం దిద్దే పనే లేదు. రాసిందాన్ని పైకి చదవమంటే సగం మంది చదువుతూనే ఆగి నవ్వుతారు. తెలియని మాట దగ్గర ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో రాసి ముందుకు పొమ్మంటాను. "ఫ్రిజ్" కు ఎవ్వరూ వాడని సంస్కృత పదం వెతుక్కుంటూ కూర్చుంటే కథ చల్లారిపోతుంది.

దీనికంతా ఇరవై నిమిషాలు చాలు. మొదటి పది మాట్లాడుకోవడానికి, తర్వాత పది రాయడానికి. మాటలు లేకుండా నేరుగా "రాయండి" అంటే తెల్లకాగితాలే తిరిగొస్తాయి. కొందరికి ఎప్పటికీ నచ్చదు కూడా, వాళ్ళు బొమ్మ వేసి కింద ఒక వాక్యం రాస్తారు, అదీ సరే. ఈ పిల్లలు రచయితలవుతారని నేను ఆశ పెట్టుకోలేదు. తెలుగులో అబద్ధమాడటం, బడాయి చెప్పడం, ఎవరి మీదైనా అలగడం వస్తే చాలు.

రాసింది అచ్చులో చూసుకోవడం మాత్రం తప్పనిసరి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 826 వాలెన్సియా అనే పిల్లల రచనా కేంద్రం 2002లో మొదలైంది. ఆ వీధిలో దుకాణమే నడపాలన్న నిబంధన ఉంటే, ముందు గదిలో సముద్రపు దొంగలకు కావలసిన సరుకులమ్మే కొట్టు పెట్టి, వెనక గదిలో పిల్లలచేత రాయించారు. అక్కడ పిల్లలు రాసింది నిజమైన పుస్తకంగా వస్తుంది. మనకూ అలాంటి సంప్రదాయం ఉండేది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి 1945లో మద్రాసులో "బాల" పత్రిక మొదలుపెట్టినప్పుడు పిల్లలు రాసింది పిల్లల కోసం వేశారు. ముళ్ళపూడి వెంకటరమణ మొదటి కథ అచ్చయింది అందులోనే, బడి ఈడులో.

కాబట్టి ఈ పత్రిక సంపాదకులకు నా అభ్యర్థన. వచ్చే సంచికలో నాలుగు పేజీలు పిల్లలకు వదలండి. మాతృభాష గొప్పతనం మీద రచనలు తీసుకోకండి. పెద్దల చెయ్యి పడిందని అనుమానమొస్తే తిప్పి పంపండి, తల్లిదండ్రులు అలిగితే అలగనివ్వండి. రచన పక్కన పిల్లల చేతిరాతనే ఫోటో తీసి వేయండి. బహుమతులు పెట్టకండి. మా క్లాసు నుంచి మొదటి కట్ట నేనే పంపుతాను, అందులో ళ లు సరిగ్గా ఉంటాయి, మిగతావాటికి హామీ లేదు.