సవరణ: సూపర్‌లెజ్జేరా కుర్చీకి మాతృక

ఇటలీ కుర్చీల గురించి గత వారం రాసిన టపాలో, ఇటలీ వాస్తుశిల్పి జియో పోంటి రూపకల్పనలో కాసినా సంస్థ 1957లో తెచ్చిన సూపర్‌లెజ్జేరా ఆకృతి పూర్తిగా ఆయన సొంత ఊహేనని రాశాను. అది నా పొరపాటు. డిజైన్ చరిత్ర గ్రంథాల ప్రకారం, ఇటలీలోని లిగూరియా తీరంలో ఉన్న కియావరి పట్టణపు పనివారు 19వ శతాబ్ది ఆరంభం నుంచి చేస్తూ వచ్చిన తేలికపాటి కుర్చీయే దానికి మాతృక. పోంటి ఏళ్ల తరబడి ఆ నమూనాకే మెరుగులు దిద్ది, యాష్ అనే చెట్టు కర్రతో చేసిన కాళ్లను గుండ్రంగా కాక మూడు పలకలుగా సన్నగా చెక్కించి, పేముతో అల్లిన సీటుతో కలిపి బరువును 1.7 కిలోలకు దించారు. ఒక్క వేలితో ఎత్తగలిగే ఆ కుర్చీ నేటికీ ఆకట్టుకోవడానికి కొత్తదనమే కారణమన్న నా వాదన కూడా దీంతో నిలవదు; అందులో అప్పటికే దాదాపు నూటయాభై ఏళ్ల పనితనం ఉంది.