ఆ ఫలకం మీద లేని పేరు

అమెరికా పల్లెపట్టుల క్రైస్తవ భక్తి సంగీతమైన కంట్రీ గాస్పెల్ గురించి ఎవరు రాసినా కుటుంబం, విశ్వాసం అనే రెండు మాటలతోనే మొదలుపెడతారు. ఆ వెంటనే కార్టర్ ఫ్యామిలీ పేరు వస్తుంది. కథ తెలిసిందే. వర్జీనియా కొండల్లోని మేసెస్ స్ప్రింగ్ నుంచి ఎ.పి. కార్టర్, భార్య సారా, తమ్ముడి భార్య మేబెల్ 1927 ఆగస్టులో టెనెస్సీ సరిహద్దు పట్టణం బ్రిస్టల్ వెళ్లారు. తమ్ముడు కారు ఇవ్వడానికి నసిగితే, మొక్కజొన్న చేలో కలుపు తీసి పెడతానని ఎ.పి. ఒప్పించాడు. సారా చంకలో పసివాడు, మేబెల్ నిండు గర్భిణి. టోపీల కంపెనీ భవనంలో, విక్టర్ రికార్డుల కంపెనీ తరఫున పాటలు రికార్డు చేయడానికి వచ్చిన రాల్ఫ్ పీర్ ముందు ఆరు పాటలు పాడితే పాటకు 50 డాలర్లు వచ్చాయి.

తర్వాత వాళ్ల కచేరీ పోస్టర్ల మీద ఒక వాక్యం అచ్చయ్యేది: ఈ కార్యక్రమం నైతికంగా మంచిది. బియ్యం బస్తా మీద 'రాళ్లు లేవు' అని రాసినట్టు. ఎవరూ అడగకముందే అలా రాశారంటే అది సరుకు అమ్మే మాటే. ఈ సంగీతానికి 'కుటుంబ విశ్వాసం' అన్నది అప్పటి నుంచీ వ్యాపార ముద్రే అని నా వాదన.

పీర్ చేసిన ఏర్పాటు చూడండి. విక్టర్ కంపెనీ దగ్గర జీతం వద్దన్నాడు, రికార్డు చేసిన పాటల కాపీరైటు తన చేతిలో ఉంటే చాలన్నాడు. ఇంకొకరి పేరు మీద నమోదైన కీర్తన పాడితే అతనికి మిగిలేది లేదు. ఎవరి పేరూ లేకుండా ఏ ముసలమ్మ నోటనో బతుకుతున్న పాట దొరికితే మాత్రం పంటే. కొత్తగా నమోదు చేయించుకోవచ్చు, రాబడిలో ఎ.పి.కీ వాటా ఉంటుంది. అతను ఊరూరా తిరిగి పాటలు పోగుచేయడంలో భక్తి లేదనను. కానీ అతన్ని గడప దాటించింది ఆ ఒప్పందమే.

ఆ తిరుగుడులో అతనికొక చిక్కు ఉండేది. మాటలు రాసుకోగలడు గానీ బాణీ గుర్తుండదు. అందుకే టెనెస్సీలోని కింగ్స్‌పోర్ట్‌లో పరిచయమైన నల్లజాతి గిటారిస్టు లెస్లీ రిడిల్‌ను వెంట తీసుకెళ్లేవాడు. సిమెంటు ఫ్యాక్టరీ ప్రమాదంలో ఒక కాలు పోగొట్టుకున్న మనిషి రిడిల్. కుడిచేతికి రెండు వేళ్లు కూడా లేవు. అవతలివాళ్లు పాడుతుంటే ఎ.పి. కాగితం నింపేవాడు, రిడిల్ కేవలం వినేవాడు. మేసెస్ స్ప్రింగ్ చేరాక ఆ బాణీ సారాకూ మేబెల్‌కూ అందేది రిడిల్ నోటి నుంచే. 'కానన్‌బాల్' పాట మేబెల్ నేర్చుకున్నది అతని దగ్గరే. నల్లవాడు తెల్లవాడి పక్కన కూర్చుని తినడానికి వీల్లేని దక్షిణాదిలో అతను రోజుల తరబడి కార్టర్ల ఇంట్లో ఉండేవాడు. అది చిన్న విషయం కాదు, ఎ.పి.కి ఆ మెప్పు దక్కాల్సిందే. అయినా రికార్డు మీద పేరు మాత్రం ఎ.పి. కార్టర్ అనే పడింది.

ఇక కుటుంబం సంగతి. 1907 నాటి ఒక కీర్తనను మార్చి వాళ్లు 1935లో పాడిన 'కెన్ ద సర్కిల్ బి అన్‌బ్రోకెన్' వినండి. తల్లి శవాన్ని బండిలో తీసుకుపోతుంటే కిటికీ దగ్గర నిలబడి చూస్తున్న బిడ్డ గోడు అది. తెగిన బంధం పరలోకంలోనైనా కలుస్తుందా అని ఆ పాట అడిగే నాటికి సారా భర్తను విడిచి వేరుగా ఉంటోంది. 1939లో ఎ.పి. బంధువు కోయ్ బేస్‌ను పెళ్లాడింది. ఆ రోజుల్లోనే టెక్సస్ సరిహద్దు అవతల మెక్సికోలోని ఎక్స్‌ఈఆర్‌ఏ రేడియోలో మాజీ దంపతులు కలిసి పాడారు. పిల్లల్ని కూడా మైకు ముందు నిలబెట్టి, శ్రోతలకు చక్కని కుటుంబంగా వినిపించారు. సారా గొంతులో ఉన్నదంతా నాకు నిజంగానే వినిపిస్తుంది. అది సుఖంగా ఉన్న ఇంటి గొంతు మాత్రం కాదు.

విశ్వాసులు దీనికి ఒప్పుకోరు. పాడేవాళ్ల కాపురంతో పనేమిటి, పాట ఓదారుస్తోంది కదా అంటారు. ఎ.పి., సారాల కూతురు జానెట్ తండ్రికిచ్చిన మాట కోసం అదే లోయలో ఏళ్ల తరబడి సంగీత సభలు నడిపింది, అది బూటకమా అని అడుగుతారు. కాదు. ఓదార్పు నిజమే. ఆ ఓదార్పు పేరు చెప్పి లెక్కలు అడగొద్దంటేనే నాకు పేచీ.

ఇక్కడ నా పాత గొడవ ఒకటి ఎత్తక తప్పదు. పాట ఎవరిదని అడిగితే, కాపీరైటు దరఖాస్తు మీద ఎవరి పేరు ఉంటే వాళ్లదేనని జవాబు వస్తుంది. అరుగు మీద కూర్చుని పాడిన ముసలమ్మ, దాన్ని బుర్రలో మోసుకొచ్చిన మనిషి ఆ దరఖాస్తులో ఏ గడిలోనూ పట్టరు. దోచుకోవాలన్న దురుద్దేశం ఎవరికీ లేకపోయినా అంతే, ఫారం నింపితే చాలు. పైగా అలా చేరిన పాటకు 'మా ఇంటి పాట' అని ముద్ర వేశాక, బయటివాడి ప్రస్తావన తేవడమే అమర్యాద అయిపోతుంది.

1960లలో జానపద గాయకుడు మైక్ సీగర్ వెతుక్కుంటూ వెళ్లేసరికి రిడిల్ న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఉన్నాడు. సంగీతం మానేసి చాలా కాలమైంది, గిటార్ అమ్మేసుకున్నాడు. సీగర్ అతని చేత మళ్లీ పాడించి రికార్డు చేశాడు. 1970లో కంట్రీ సంగీతంలో పెద్దలకు ఫలకం పెట్టి గౌరవించే కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ కార్టర్ ఫ్యామిలీకి చోటిచ్చింది. ఆ గౌరవం ఎ.పి., సారా, మేబెల్ ముగ్గురికి. రిడిల్ అప్పటికి బతికే ఉన్నాడు.