కీమోకు ఒళ్లు అలవాటు పడుతుందా? మానేస్తే ఆ అలవాటు పోతుందా?

‘కీమో మందులకు ఒళ్లు అలవాటు పడుతుంది, అందుకే తగ్గిన కణితి మళ్లీ పెరుగుతుంది. కొన్ని నెలలు మానేస్తే ఆ అలవాటు పోయి మందు మళ్లీ పనిచేస్తుంది. అప్పటికీ లొంగకపోతే ఇక ఏ మందూ పనిచేయదు.’ ఈ సందేశం ఫోన్లలో విపరీతంగా తిరుగుతోంది. చికిత్స మధ్యలో ఉన్నవారికి చేరుతోందన్నదే నా భయం.

మొదట అలవాటు సంగతి. మార్ఫిన్‌కు ఒళ్లు నిజంగానే అలవాటు పడుతుంది. అదే మోతాదుకు నొప్పి మునుపటంతగా తగ్గదు. కీమోలో జరిగేది వేరు. మందును తట్టుకుంటున్నది రోగి శరీరం కాదు, కణితిలోని కణాలు. కోట్లాది కణాలు అన్నీ ఒకేలా ఉండవు. లొంగినవి చస్తాయి, తట్టుకున్న కొద్దిపాటివి పెరుగుతాయి. వాటిలో కొన్ని మందు పడకముందే అలా ఉంటాయి, కొన్ని చికిత్స సాగుతుండగా మారతాయి.

దీనికి నాకు బలంగా కనిపించే రుజువు 1976 నాటిది. తర్వాతి కాలంలో ఔషధశాస్త్ర ఆచార్యుడైన రుడాల్ఫ్ జూలియానో, విక్టర్ లింగ్‌తో కలిసి టొరంటోలో హామ్‌స్టర్ కణాలను పరిశీలించారు. అవి కణ విభజనను అడ్డుకునే కోల్చిసిన్ అనే మందును తట్టుకునేలా ఎంపిక చేసిన కణాలు. చిత్రమేమిటంటే, ముందెన్నడూ ఎదురుపడని, ఆకృతిలో ఏ పోలికా లేని ఇతర మందులకూ అవి లొంగలేదు. ఎరుగని మందుకు అలవాటు పడటం ఎలా సాధ్యం? వాటి పైపొరలో ఒక ప్రొటీన్ దండిగా కనిపించింది. అదే పి-గ్లైకోప్రొటీన్. లోపలికి వచ్చిన మందును, కణానికి ఇంధనంలాంటి ఏటీపీ శక్తితో బయటికి తోసేసే పంపు అదని తర్వాత తేలింది. విన్‌బ్లాస్టిన్, డాక్సోరుబిసిన్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు మూడింటినీ అది గెంటేయగలదు. ఇది క్యాన్సర్ కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. మన పేగు గోడలో, మెదడు రక్తనాళాల్లో విషపదార్థాలను అడ్డుకుంటూ ఉండేదే. అందుకే దాన్ని మూసేయడమూ అంత తేలిక కాదు, ఆరోగ్యకర కణాల కాపలా కూడా సడలిపోతుంది.

ఇక మానేయమన్న సలహా. ఇందులో రవ్వంత నిజం ఉంది, ప్రమాదమూ అక్కడే ఉంది. మెథోట్రెక్సేట్ అనే కీమో మందును తట్టుకునే ఎలుక కణాల్లో, ఆ మందు అడ్డుకునే ఎంజైము తాలూకు జన్యువు ప్రతులు దాదాపు 200 రెట్లు పెరిగినట్లు స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ షిమ్కే బృందం 1978లో చూపింది. మందు ఆపితే కొన్ని కణాల్లో ఆ అదనపు ప్రతులు క్రమంగా పోతాయి. మరికొన్నిటిలో క్రోమోజోములోనే పాతుకుని ఉండిపోతాయి. రోగి ఒంట్లో ఉన్నవి ఏ రకమో తెలియకుండా మందు మానడమంటే కణితికి గడువు ఇవ్వడమే. వైద్యులు రెండు విడతల మధ్య ఇచ్చే విరామం ప్రధానంగా ఎముక మజ్జ, ఇతర ఆరోగ్యకర కణాలు కోలుకోవడానికి. కణితి ‘మరిచిపోవడానికి’ కాదు.

ఏ మందూ పనిచేయదన్నది పూర్తిగా తప్పు. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు 2001లో ఇమాటినిబ్ అనే మందు వచ్చింది. టీ315ఐ అనే జన్యు మార్పు ఉన్న కణాలు దానికి లొంగవు. ఆ మార్పునూ ఎదుర్కొనే పొనాటినిబ్‌కు అమెరికాలో 2012లో అనుమతి లభించింది. ఇమాటినిబ్ పనిచేయనప్పుడు ఏ మార్పు వచ్చిందో రక్త పరీక్షలో చూసి, దాన్నిబట్టి మందు మారుస్తున్నారు.