పంచ్‌కి ఐదే దినుసులా? వాషింగ్టన్ ఎగ్‌నాగ్ నిజమా?

డిసెంబర్ వస్తే చాలు, వాట్సాప్‌లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతుంది. పంచ్ అంటే సాధారణంగా మద్యంలో పులుపు, తీపి, సుగంధ ద్రవ్యాలు కలిపే పానీయం; ఎగ్‌నాగ్ అంటే గుడ్లు, పాలు, చక్కెర, మద్యం కలిపేది. ఆ మెసేజ్ సారాంశం ఇదీ: "పంచ్ మన ప్రాచీన పానీయం. సరిగ్గా ఐదు దినుసులతో చేస్తారు. ఆంగ్లేయులు ఎత్తుకెళ్లి క్రిస్మస్ పానీయం చేసుకున్నారు. రమ్ పడనిది పంచే కాదు. అసలైన ఎగ్‌నాగ్‌కి జార్జ్ వాషింగ్టన్ స్వయంగా రాసిన కొలతలు ఇవిగో. మద్యం ఉంటుంది కాబట్టి పచ్చి గుడ్డుకి భయపడక్కర్లేదు." సగం నిజాలు ఒకటి రెండున్నాయి. చివరి మాట మాత్రం ప్రమాదకరం.

ముందు ఐదు దినుసుల లెక్క. దీనికి అందరూ చూపించే సాక్షి జాన్ ఫ్రయర్ అనే ఇంగ్లీషు వైద్యుడు. 1670ల్లో మన పశ్చిమ తీరంలో తిరిగిన ఆయన, ఐదు దినుసులు పడతాయని, పేరు కూడా అందుకే వచ్చిందని రాశాడు. ఆ రాత అచ్చయింది 1698లో. అంతకు చాలా ముందే, 1638లో సూరత్ వచ్చిన జర్మన్ యాత్రికుడు మాండెల్‌స్లో అక్కడి ఇంగ్లీషు వర్తకులు తాగే ఈ పానీయంలో సారా, పన్నీరు (గులాబీ నీళ్లు), నిమ్మరసం, చక్కెర ఉంటాయని చెప్పాడు. లెక్కపెట్టుకోండి, నాలుగే.

ఇటు ఐదు దాటినవీ ఉన్నాయి. 1763లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక స్నేహితుడికి రాసి పంపిన పాల పంచ్ చూడండి. 44 నిమ్మకాయల తొక్కల్ని పల్చగా చెక్కి బ్రాందీలో ఒక రోజంతా నానబెట్టాలి. వడగట్టి నీళ్లు, నిమ్మరసం, చక్కెర, తురిమిన జాజికాయ కలపాలి. చక్కెర కరిగాక పొయ్యి మీంచి దించిన వేడి పాలు అందులో పోసి తిప్పాలి. పులుపు తగలగానే పాలు విరుగుతాయి. రెండు గంటలు కదపకుండా ఉంచి, తేటగా దిగేదాకా గుడ్డసంచిలో వడపోయాలి. విరిగిన పాల ముద్దలు వగరునీ మడ్డినీ పట్టేసుకోవడంతో అడుగున దిగేది తేటగా, నాలుక మీద మెత్తగా ఉంటుంది. పాలు పోసి పాలే కనబడని పానీయం చేయడం, నన్నడిగితే, పంచ్ చరిత్ర మొత్తంలో అందమైన కిటుకు. తొక్కల్ని విడిగా లెక్కేయకపోయినా దినుసులు ఆరు.

"మన ప్రాచీన పానీయం, ఆంగ్లేయులు ఎత్తుకెళ్లారు" అన్నదాంట్లో దినుసుల వరకు నిజముంది. సారా, చక్కెర, నిమ్మకాయ, సుగంధ ద్రవ్యాలు ఇక్కడివే. కానీ ఈ పానీయం గురించి దొరికే తొలి రాతలు ఈస్టిండియా కంపెనీ మనుషులవీ, యూరప్ యాత్రికులవీ. అన్నిటికన్నా పాతదిగా చెప్పేది 1632 సెప్టెంబర్ 28 నాటి ఉత్తరం. రాబర్ట్ ఆడమ్స్ అనే కంపెనీ మనిషి పెటపోలిలోని వర్తకుడికి రాసింది. పెటపోలి అంటే మన నిజాంపట్నమే. అందులో పంచ్ తాగే మాట వస్తుంది గానీ, అదేమిటో వివరణ ఉండదు. అంటే అందుకున్నవాడికి అప్పటికే తెలుసన్నమాట. ఓడలో తెచ్చుకున్న బీరూ వైనూ ఈ ఎండలకి నిలవక, దొరికిన సారాలో దొరికినవి కలుపుకున్నారనుకోవడం సబబు. దొంగతనం అనే ముందు సొత్తు ఎవరిదో తేలాలి కదా. మెసేజ్ రాసినవాళ్లు ప్రాచీనం ప్రాచీనం అంటూ, నిజంగా గర్వంగా చెప్పుకోదగ్గ నిజాంపట్నం ముచ్చటే వదిలేశారు!

క్రిస్మస్‌తో ముడి తర్వాతి సంగతి. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో పంచ్ ఏడాది పొడవునా తాగేదే. ఆ ముడి బిగిసింది విక్టోరియా కాలంలో. 1843లో ఇంగ్లీషు రచయిత డికెన్స్ రాసిన క్రిస్మస్ కథ చివర్లో పిసినారి స్క్రూజ్ తన గుమాస్తాకి ఇస్తానన్నది కూడా పొగలు కక్కే వేడి వైన్ పంచే.

రమ్ సంగతి ఒక్క ముక్కలో తేల్చొచ్చు. పైన చెప్పిన సూరత్ పానీయంలో రమ్ లేదు. స్వీడన్‌లో పున్ష్ అనే పంచ్‌కి ఆధారం ఇప్పటికీ జావా నుంచి వచ్చే అరక్కు అనే సారా. మెక్సికోలో పోంచే అనే పండగ పంచ్ జామపళ్లు, చెరకు ముక్కలు, దాల్చినచెక్క వేసి మరిగించేది. పిల్లలకీ పోస్తారు, మద్యం కావాలనుకున్న పెద్దలు తమ కప్పులో కలుపుకుంటారు. పోర్టోరికో కొబ్బరిపాల కొకీటోలోనూ, జమైకా ఎర్ర గోంగూర కాయల పానీయంలోనూ రమ్ మామూలే, కాదనను.

వాషింగ్టన్ కొలతల విషయానికొస్తే, అవి ఆయనవనడానికి ఆధారమే లేదని ఆయన ఇంటిని నిర్వహిస్తున్న మౌంట్ వెర్నన్ సంస్థే చెబుతోంది. గుడ్లు ఎన్నో రాయడం ఆయన మరిచిపోయాడన్న పిట్టకథ మాత్రం భలే అతికింది.

ఇక పచ్చి గుడ్డు. పచ్చి గుడ్లలో ఉండగల సాల్మొనెల్లా అనే రోగకారక బాక్టీరియాని మద్యం చంపగలదు, కానీ పోసీ పోయగానే కాదు. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఘాటైన ఎగ్‌నాగ్‌లో ఆ బాక్టీరియాని కావాలనే కలిపి ఫ్రిజ్‌లో ఉంచి చూశారు. వారం తర్వాత కూడా బతికే ఉంది, మూడు వారాలకి గానీ పోలేదు. అది 20 శాతం దాకా మద్యం ఉన్న మిశ్రమం. పార్టీలో గ్లాసుల్లో పోసేది చాలాసార్లు అంత ఘాటుగా ఉండదు, అన్ని రోజులు ఆగదు కూడా. కలిపిన రోజే తాగాలనుకుంటే గుడ్డూ పాలూ కలిపి సన్నటి సెగ మీద తిప్పుతూ 71 డిగ్రీల సెల్సియస్‌కి తెచ్చి, చల్లార్చి, మద్యం ఆ తర్వాత పోయండి. లేదంటే పాశ్చరైజ్ చేసిన గుడ్లు వాడండి. గర్భిణులూ చిన్నపిల్లలూ ఉన్న గ్రూపులోకి ఆ మెసేజ్ వచ్చి ఉంటే, మిగతావి వదిలేసినా ఈ ఒక్క ముక్క దాని కిందే పెట్టండి.