పైలట్ల వేతన చర్చలు: జీతం కోతకు ఉన్న గడువు పెంపుకు ఎందుకు లేదు?

అమెరికాలో ఎయిర్‌లైన్ పైలట్ల వేతన ఒప్పందంలో ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటిన మర్నాడు కూడా పాత జీతం, పాత డ్యూటీ నిబంధనలే నడుస్తాయి. ఇక నుంచి ఒప్పందాన్ని సవరించుకోవచ్చు, అంతే. ఎప్పటిలోగా సవరించాలో చట్టం చెప్పదు. పైలట్ల యూనియన్లలో ఏళ్లుగా రగులుతున్న కోపానికి మూలం ఇదే. వాళ్లు అడుగుతున్న డాలర్ల లెక్క ఆ తర్వాతి సంగతి.

ఆ చట్టం పేరు రైల్వే లేబర్ యాక్ట్. రైళ్లు ఆగిపోకుండా 1926లో తెచ్చారు, 1936లో విమానయానానికీ వర్తింపజేశారు. దాని ప్రకారం ముందు యూనియన్, యాజమాన్యం నేరుగా మాట్లాడుకోవాలి. కుదరకపోతే నేషనల్ మీడియేషన్ బోర్డు అనే ప్రభుత్వ సంస్థ మధ్యవర్తిత్వం చేస్తుంది. ఇక తేలదని బోర్డు చేతులెత్తేశాకే 30 రోజుల విరామం మొదలవుతుంది, సమ్మె మాట ఆ తర్వాతే. అప్పుడైనా అధ్యక్షుడు అత్యవసర బోర్డు వేసి ఆపవచ్చు. 1997 ఫిబ్రవరిలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మె మొదలుపెట్టిన నిమిషాల్లోనే క్లింటన్ ఆపించారు. 2010 జూన్‌లో స్పిరిట్ ఎయిర్‌లైన్స్ పైలట్లు అయిదు రోజులు విధులకు దూరంగా ఉన్నారు. ఆ తర్వాత దశాబ్దం గడిచినా అమెరికా ప్రయాణికుల విమానాల్లో మరో పైలట్ల సమ్మె జరగలేదు.

చేతులెత్తేయడానికి బోర్డుకు గడువేమీ లేదు. నెలలైనా, ఏళ్లైనా చర్చలు సాగనివ్వొచ్చు. సాగినన్నాళ్లూ యాజమాన్యం కట్టేది పాత రేటే.

అంత అన్యాయమైతే మరో సంస్థకు వెళ్లిపోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. వెళ్లలేరు. ఈ వృత్తిలో అన్నీ సీనియారిటీ జాబితాలో ఉన్న నంబరుతోనే తేలతాయి: ఏ విమానం నడపాలి, కెప్టెన్ సీటు ఎప్పుడొస్తుంది, ఏ ఊరు కేంద్రంగా పనిచేయాలి, పండగ రోజు ఇంట్లో ఉండొచ్చా, ఉద్యోగాలు తీసేస్తే మొదట ఎవరు బయటికి పోవాలి. సంస్థ మారితే ఆ నంబరు వెంట రాదు. ఇరవై ఏళ్లు కెప్టెన్‌గా చేసినవారైనా కొత్త చోట జాబితా అట్టడుగున, ఫస్ట్ ఆఫీసర్‌గా (కో-పైలట్‌గా), మొదటి ఏడాది జీతంతో మొదలుపెట్టాలి. పైలట్ ఎక్కడికీ పోలేడని యాజమాన్యానికి తెలుసు. పైగా రిటైర్మెంట్ నిధికి సంస్థ వేసే వాటా జీతంలో శాతంగా ఉంటుంది, 65 ఏళ్లకు తప్పనిసరిగా దిగిపోవాలి. 61 ఏళ్ల కెప్టెన్‌కు నాలుగేళ్ల ఆలస్యమంటే అత్యధికంగా సంపాదించే ఏళ్లన్నీ పాత రేటులోనే కరిగిపోవడం.

డెల్టా ఎయిర్‌లైన్స్ పైలట్ల ఒప్పందం 2019 చివర్లో సవరణకు వచ్చింది, కొత్తది 2023 మార్చిలో ఖరారైంది. సౌత్‌వెస్ట్‌లో 2020లో మొదలైన నిరీక్షణ 2024 జనవరి దాకా సాగింది. నడుమ కొవిడ్ వచ్చిన మాట నిజమే. కానీ 2022 జూన్‌లో అమెరికా ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరినప్పుడు, విమానాలు కిక్కిరిసి ఎగురుతున్నప్పుడు కూడా వాళ్ల చేతికొచ్చింది పాత జీతమే.

ఆలస్యంలో యూనియన్ల పాత్ర లేదనను. 2022లో యునైటెడ్ పైలట్లు ముసాయిదా ఒప్పందాన్ని 94 శాతం ఓట్లతో తిప్పికొట్టారు. 2023లో ఫెడెక్స్ పైలట్లు 57 శాతం ఓట్లతో అదే పని చేశారు. అయితే యునైటెడ్ మొదటి ప్రతిపాదనలో పెంపు 14 శాతం పైచిలుకు. మరుసటి ఏడాది కుదిరిన ఒప్పందంలో అది నాలుగేళ్లకు 40 శాతం దాకా వెళ్లింది. తొలి ప్రతిపాదనను తిప్పికొట్టడం మొండితనం కాదని దీంతోనే తేలింది.

పెద్ద విమానాల కెప్టెన్లకు గంటకు 400 డాలర్లు దాటి వస్తోంది, వీళ్ల మీద జాలెందుకన్నది మరో వాదన. సాధారణంగా ఆ గంటలు విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి మళ్లీ గేటు చేరేదాకానే అన్న సంగతి అలా ఉంచుదాం. జీతం ఎంతైనా, ఒప్పుకున్న తేదీకి విలువ ఉండాలి. అసలు నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. దివాలా పిటిషన్ వేసిన సంస్థ కార్మిక ఒప్పందాన్ని రద్దు చేయమని కోర్టుకెళ్తే 14 రోజుల్లో విచారణ మొదలవ్వాలి, మొదలైన 30 రోజుల్లో తీర్పు రావాలి. కొంత పొడిగింపుకు వీలున్నా, గడువంటూ ఉంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాతి దివాలాల్లో పైలట్ల జీతాలు భారీగా తెగ్గోశారు. యునైటెడ్‌లో 2005లో పెన్షన్ పథకాలనే రద్దు చేశారు. కోత విధించడానికి రోజుల లెక్కన గడువు రాసుకున్న దేశం, పెంచడానికి క్యాలెండరే పెట్టలేదు.

చేయాల్సినవి రెండు. కొత్త జీతం ఎప్పుడు ఖరారైనా, సవరణ తేదీ నుంచే లెక్కగట్టి వడ్డీతో సహా బకాయిలు ఇవ్వాలని చట్టంలోనే రాయాలి. ఇప్పుడు ఆ బకాయిలు కూడా బేరంలో వదులుకునే వస్తువే, ఈలోగా రిటైరైనవారి సంగతీ అంతే. బకాయిల భారం నెలనెలా పెరుగుతుంటే యాజమాన్యానికి సాగదీతలో లాభముండదు. రెండోది, మధ్యవర్తిత్వానికి ఏడాది గడువు. గడువు పెడితే విమానాలు ఆగిపోతాయన్న భయానికి ఆధారం లేదు. 30 రోజుల విరామం, అధ్యక్షుడి అత్యవసర బోర్డు అప్పుడూ ఉంటాయి, అమెరికా చట్టసభ కాంగ్రెస్ జోక్యం చేసుకునే దారీ తెరిచే ఉంటుంది.