పదో గంటకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ పదో గంట గారికి,

అచ్యుతాపురం వైపు ఓ ఫ్యాక్టరీలో పనిచేసుకునే కార్మికుడు రాసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే కుశలమంతా తమరి వైపే కనిపిస్తోంది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పని రోజుకు తొమ్మిది గంటలు దాటొద్దంది. 2025 జూన్‌లో మన ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం పది చేసుకోవచ్చంటూ తమరికి గేటు తీసింది. పెట్టుబడులు రావాలట. రానివ్వండి. కానీ తమరు ఒక్కరే రాలేదే! అయిదు గంటల పని తర్వాత ఇవ్వాల్సిన విరామాన్ని ఆరు గంటల తర్వాతకు జరిపించారు. ఎనిమిదింటికి షిఫ్టెక్కినవాడు ఒంటిగంటకల్లా క్యారేజీ విప్పేవాడు. ఇక రెండింటిదాకా ఆపినా అడిగే దిక్కు లేదు. తెల్లవారుజామున కట్టిన పప్పుచారు ఎండాకాలంలో అప్పటిదాకా ఆగుతుందా? మూత తియ్యకముందే వాసన కొడుతుంది. చారుకి జీవోలు తెలియవు కదా.

"వారానికి 48 గంటలు దాటవులే" అని తమ తరఫువాళ్లు ఓదారుస్తున్నారు. ఆ 48 కూడా ఊరికే రాలేదు లెండి, అంబేద్కర్ కార్మిక శాఖ చూసిన రోజుల్లో, 1946లో, 54 నుంచి దిగింది. సరే, లెక్కేశాను. పదేసి గంటల చొప్పున గురువారానికి నలభై. శుక్రవారం ఎనిమిది. శనివారం సెలవు! అని సంబరపడేలోపే పక్కన ఇంకో అంకె కనిపించింది. మూడు నెలలకు ఓవర్‌టైమ్ 75 గంటల నుంచి 144కి పెరిగింది. అంటే వారానికి పదకొండు. శుక్రవారం రెండు, శనివారం తొమ్మిది. ఎంత ముచ్చటగా సరిపోయిందో! లెక్క కట్టినవాళ్ల చేతులకు బంగారు కడియాలు తొడగాలి.

ఓటీకి రెట్టింపు జీతమని చట్టంలో ఉంది, తెలుసు. ఆడవాళ్లకు రాత్రి షిఫ్టు వాళ్ల సమ్మతితోనేనట. మా దగ్గర సమ్మతి కాగితాలు ఉద్యోగంలో చేరిన రోజునే వస్తాయి, ఆధార్ జిరాక్సుకీ పీఎఫ్ ఫారానికీ మధ్యలో. "ఇక్కడొకటి, ఇక్కడొకటి" అని వేలుపెట్టి చూపిస్తారు. పెట్టేస్తాం.

గాజువాక నుంచి బస్సులో పోనూ రానూ పట్టే టైము మాత్రం అటు డ్యూటీలోకీ రాదు, ఇటు నిద్రలోకీ రాదు.

తెలంగాణలో తమ తోబుట్టువు అదే ఏడాది జూలైలో వాణిజ్య సంస్థల్లో కాపురం పెట్టిందని విన్నాం. అక్కడ ఏసీ అయినా ఉంటుంది.

ఒక్క మనవి. మావాడి బడిలో పేరెంట్స్ మీటింగ్ శనివారం పెట్టారు. నా బదులు తమరు వెళ్లిరండి. లెక్కల్లో గట్టివారు కదా, వాడికి ఆ సబ్జెక్టులోనే మార్కులు ఎందుకు తగ్గుతున్నాయో కాస్త కనుక్కోండి.

ఇట్లు,
జనరల్ షిఫ్టు కార్మికుడు